గోడ దాటి వచ్చే పిల్లి

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)

 ఈ పూట నేను మాట్లాడబోయే విషయం వింటే మీలో కొందరు నవ్వుకోవచ్చు. పక్కింటి వాళ్ళ పిల్లి మన పెరట్లోకి రాకుండా చూసుకోవడం ఎలా? అదీ విషయం. ఇదీ ఒక ప్రసంగమేనా అనకండి. రెండు మళ్ళు కొత్తిమీర, ఒక మడి మెంతికూర చల్లుకుని, తెల్లారి లేచి చూసేసరికి మడి మధ్యలో గొయ్యి, గొయ్యి పక్కన మట్టి కుప్ప, ఆ కుప్ప కింద ఏముందో వాసనే చెబుతూ వుంటే, ఇల్లాలికి ఎలా వుంటుందో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. నేను అనుభవించాను. ఆ గొయ్యి పుణ్యమా అని, పదకొండేళ్ళుగా అయినవాళ్ళలా మెలిగిన పక్కింటావిడతో రెండు నెలలు మాట లేకుండా గడిపాను కూడా. అంచేత ఈ విషయంలో నాకు కొంత అధికారం వుందనే అనుకుంటున్నాను.

మేం వుండేది విజయవాడలో ఒక పాతకాలపు ఇంట్లో. వెనక చిన్న పెరడు, ఒక కరివేపచెట్టు, ఒక నందివర్ధనం, మిగిలిన జాగాలో నా ఆకుకూర మళ్ళు. మాకూ పక్కింటి వాళ్ళకీ మధ్య ఛాతీ ఎత్తు గోడ. ఆ గోడ మీదుగా ఇన్నేళ్ళలో అటూ ఇటూ వెళ్ళని వస్తువు లేదు. పాలు తోడెయ్యడానికి చెంచాడు పెరుగు, కుక్కరు రబ్బరు, పచ్చడి గిన్నె, ఊరెళ్ళేటప్పుడు ఇంటి తాళాలు. పక్కింటావిడ నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మొదటి నుంచీ పిన్నిగారూ అనే పిలుస్తాను. ఆయన పోయాక, పిల్లలు దూరాభారాన వుండడంతో, ఆవిడ ఒక బూడిదరంగు పిల్లిని చేరదీశారు. దాని పేరు బుజ్జులు. పొద్దున్నే ఆవిడ కాఫీ తాగుతూ దానితో కబుర్లు చెప్పడం గోడ ఇవతలికి వినిపిస్తూ వుండేది.

మూడేళ్ళ క్రితం కార్తీకమాసంలో మా పెద్దమ్మాయి నాలుగో నెలలో మా యింటికి వచ్చింది. వేవిళ్ళతో అన్నం సయించక, కాస్త కొత్తిమీర పచ్చడి చేసి పెట్టమని అడిగేది. దానికోసమే ఆ ఏడు రెండు మళ్ళు ఎక్కువ వేశాను. వరసగా నాలుగు రోజులు నాలుగు గోతులు. ఐదో రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆవిడ మామూలుగా అడిగే ప్రశ్నల్లో, "ఇంట్లో పిల్లి వుందా? మట్టి పనులేమైనా చేస్తూంటావా?" అని మా అమ్మాయిని అడిగింది. ఎందుకండీ అంటే, పిల్లి మలం వల్ల వచ్చే ఒక జబ్బు గర్భిణీలకి మంచిది కాదని చెప్పింది. ఇంకేం! పూర్తిగా వినకుండానే నా గుండెలు జారిపోయాయి.

ఇంటికి వచ్చి నేరుగా పెరట్లోకి వెళ్ళాను. పిన్నిగారు గోడ అవతల బట్టలు ఆరేస్తున్నారు. "మీ పిల్లిని కట్టేసుకుంటే కట్టేసుకోండి, లేకపోతే నేనే దానికి ఏదో ఒకటి పెట్టేస్తాను" అన్నాను. ఆవిడ ఒక్క మాట తిరిగి అనలేదు. తడి చీర బకెట్లో వేసి, బుజ్జులుని చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నారు. ఆ గడియ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ సాయంత్రం పాలు తోడెయ్యడానికి పెరుగు లేక బజారు నుంచి పొట్లం తెప్పించుకున్నాను.

సరే, ఆ తరవాత నేను చేసిన తెలివితక్కువ పనులు కొన్ని చెబుతాను. మీరు చెయ్యకుండా వుంటారని. మొదట గోడ పొడుగునా ఫినాయిలు పోశాను. ఒక వరస మెంతిమొలకలు మాడిపోయాయి. ఫినాయిలు పిల్లికి మనకంటే ఎక్కువ విషమని తరవాత తెలిసింది. అలాంటి మందుల్ని విరిచెయ్యగల శక్తి పిల్లి లివరుకి చాలా తక్కువట. కాలికి అంటుకున్నది నాకినా చాలు, దాని ప్రాణం మీదికి వస్తుంది. తరవాత కారం చల్లాను. కారం చల్లిన మొదటి బాధితురాలిని నేనే. పొద్దున గాలికి లేచి నా కళ్ళలోనే పడింది. నా సంగతి సరే, కాళ్ళు నాకి శుభ్రం చేసుకునే ప్రాణి, ఆ కాళ్ళతోనే మొహం తుడుచుకుంటుంది. దాని కళ్ళకి కారం రాసినట్టే అవుతుంది. బీరువాలో వేసే కలరా ఉండలు చల్లమని ఒకావిడ సలహా చెప్పింది. మా చిన్నమ్మాయి కొడుకు అప్పుడే పాకుతూ కనిపించిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటున్నాడు. దేవుడి దయవల్ల ఆ పని మాత్రం చెయ్యలేదు. తెల్లగా పిప్పరమెంటు బిళ్ళల్లా వుండే ఆ ఉండలు పిల్లలకి ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పక్కర్లేదు. అవి మట్టిలో వెయ్యదగినవి కావు.

గేటు ముందుకి కుక్కలు రాకుండా నీలిమందు కలిపిన నీళ్ళ సీసాలు పెట్టడం మీరు చూసే వుంటారు. జపానులో ఇదే పని పిల్లుల కోసం చేస్తారు, కాకపోతే అక్కడ ఉత్త నీళ్ళు. నేనూ నాలుగు సీసాలు పెట్టాను. మూడో రోజున పిల్లి ఒక సీసాకి ఒళ్ళు రుద్దుకుంటూ కనిపించింది. ఇక నిమ్మడొప్పలు, బత్తాయి తొక్కలు, కాఫీ పిప్పి. పుల్లటి తొక్కల వాసన పిల్లికి గిట్టని మాట నిజమే. కాని మన ఎండకి ఒక్క పూటలో ఆ వాసన ఎగిరిపోతుంది. రోజూ బుట్టెడు బత్తాయిలు తినే సంసారమైతే ప్రయత్నించి చూడవచ్చు. గోడ మీద గాజుపెంకులు గుచ్చడం అన్నిటికన్నా దండగ. పిల్లి వాటి మధ్య నుంచి కాలు పెట్టుకుంటూ హాయిగా నడిచిపోతుంది. చెయ్యి కోసుకునేది బట్టలు ఆరేసుకునే మనమే.

అసలు పిల్లి మన మడినే ఎందుకు ఎంచుకుంటుంది? మన మీద కక్షతో కాదు. ఇంటి పిల్లుల పూర్వీకులు ఆఫ్రికాలోనూ పశ్చిమాసియాలోనూ పొడి నేలల్లో తిరిగిన అడవి పిల్లులు. మలాన్ని మట్టిలో కప్పెట్టే గుణం దానికి పుట్టుకతో వచ్చింది. దానికి కావలసింది పొడిగా, గుల్లగా, గోటితో గీరితే లేచే మట్టి. వీధిలో ఎవరైనా ఇల్లు కట్టడానికి ఇసక తోలిస్తే, ఆ గుట్ట మీద మర్నాటికి ఎన్ని గోతులు వుంటాయో చూడండి. మరి మనం చేసేదేమిటి? మడి తవ్వి, గడ్డలు చిదిపి, పశువుల ఎరువు కలిపి, జల్లెడ పట్టినంత మెత్తగా తయారు చేస్తాం. ఇది పిల్లికి మరుగుదొడ్డి కట్టించి ఇచ్చినట్టే గదా! పైగా ఒకసారి వచ్చిన చోటికి ఆ వాసన పట్టుకుని మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఇది తెలిశాక సగం కష్టం తీరిపోయింది. పిల్లిని తరమడం మానేసి మట్టి సంగతి చూసుకోవాలి. ధనియాలు మొలవడానికి ఎనిమిది నుంచి పదిహేను రోజులు పడుతుంది. మెంతులైతే నాలుగైదు రోజులకే తలెత్తుతాయి. ఆకు మడి నిండా కమ్ముకున్నాక పిల్లికి తవ్వుకోవడానికి చోటే వుండదు. అంటే మనం నిజంగా కాపలా కాయవలసింది విత్తు వేసిన నాటి నుంచి మూడు నాలుగు వారాలు, అంతే.

మా అమ్మమ్మ పల్లెటూళ్ళో కొత్తిమీర మడి మీద రేగుకంప పరిచి వుంచేది. కోళ్ళ కోసమని చెప్పేది గాని, పిల్లులూ ఆ దరికి వచ్చేవి కావు. పట్నంలో కంప ఎక్కడ దొరుకుతుంది? నేను కోళ్ళ గూళ్ళకి వాడే ఇనుప జాలీ, అంగుళం కన్నాలది, కొలిచి కోయించి మడి మీద పరిచాను. నాలుగు మూలలా మేకులు మట్టిలోకి దిగ్గొట్టాను. మొలకలు కన్నాల్లోంచి పైకి వస్తాయి. పిల్లి కాలు పెట్టి గీరబోతే గోళ్ళకి జాలీ తగులుతుంది, తవ్వడం కుదరదు. దెబ్బా తగలదు. రెండు మూడుసార్లు చూసి ఇది పనికిమాలిన చోటని వెళ్ళిపోతుంది. ఆకుకూర కోసేశాక జాలీ చుట్ట చుట్టి దాచుకుంటే ఏళ్ళ తరబడి వస్తుంది. జాలీ కొనడం ఎందుకనుకుంటే, అరిగిపోయిన కొబ్బరి చీపుళ్ళు పారెయ్యకండి. ఈనెలు జానెడు పొడుగున విరిచి, బెత్తెడు దూరంలో ఒకటి చొప్పున మడంతా గుచ్చండి. పిల్లికి కూర్చోవడానికి జాగా వుండదు. చూడ్డానికి అందంగా వుండదన్న మాట నిజమే. నాలుగు వారాలు ఓర్చుకోవాలి.

నీళ్ళు సాయంత్రం పూట పొయ్యండి. పిల్లులు ఎక్కువగా తిరిగేది మునిమాపు వేళా తెల్లవారుజామునా. అప్పటికి మట్టి తడిగా వుంటే అవి ఇష్టపడవు. గోడలో నీళ్ళు పోయే తూము వుంటే దానికి జాలీ బిగించండి. ఛాతీ ఎత్తు గోడ పిల్లికి ఒక లెక్క కాదనుకోండి, అయినా సులువు దారి మనమే తెరిచి పెట్టనక్కర్లేదు. చేపలు కడిగిన నీళ్ళు, ఎముకలు పెరట్లో పారబోసి, పిల్లి వస్తోందని ఏడవడం కూడా అన్యాయమే.

ఇంకొక చిన్న సంగతి. పెరళ్ళలో దానంతటదే మొలిచే కుప్పింటాకు మొక్క మీకు తెలుసు. దాన్ని వేరుతో పీకి అక్కడే పడేస్తే ఆ వేరు వాసనకి పిల్లులు మత్తెక్కినట్టు దొర్లుతాయి. తమిళులు ఆ మొక్కని 'పూనై వణంగి' అని కూడా అంటారు. పిల్లి దణ్ణం పెట్టే మొక్క అన్న మాట. నేను ఆదివారం పూట శ్రద్ధగా కలుపు తీసి గోడవార కుప్ప పోసేదాన్ని. నా చేత్తో నేనే పిలుపులు పిలిచానన్న మాట!

మేడల్లోనూ ఫ్లాట్లలోనూ వుండి కుండీల్లో మొక్కలు పెంచుకునే వాళ్ళకి ఇంత శ్రమ లేదు. కుండీ మట్టి మీద గులకరాళ్ళో, పగిలిన పెంకు ముక్కలో దగ్గర దగ్గరగా పరిస్తే చాలు. తడి కూడా తొందరగా ఆరిపోదు.

ఇప్పుడు డాక్టరమ్మ చెప్పిన జబ్బు సంగతి. దాని పేరు టాక్సోప్లాస్మోసిస్. భయపడి సగం విన్న నాలాంటి వాళ్ళ కోసం పూర్తిగా చెబుతాను. ఆ సూక్ష్మజీవిని 1908లోనే కనిపెట్టారు గాని, అది వ్యాపించడంలో పిల్లి పాత్ర ఏమిటో తేలింది 1970 ప్రాంతంలో. ఎలుకల్నీ పిట్టల్నీ పట్టి తిన్న పిల్లికి అది సోకుతుంది. సోకిన కొత్తలో, ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని మలంలో ఆ జీవి గుడ్లలాంటివి పడతాయి. జీవితాంతం కాదు. పడిన వెంటనే అవి మనకి అంటవు. అంటే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకే ఏ రోజుకారోజు తీసేస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. తియ్యకపోతే మాత్రం తేమగా వున్న మట్టిలో నెలల తరబడి బతికి వుంటాయి. గర్భంతో వున్నప్పుడు మొదటిసారిగా ఇది సోకితే కడుపులో బిడ్డ కళ్ళకీ మెదడుకీ హాని జరగవచ్చు, గర్భస్రావమూ కావచ్చు. అంతకు ముందెప్పుడో సోకి పోయిన వాళ్ళకి సాధారణంగా ఆ భయం వుండదు. రక్తపరీక్ష చేసి చెబుతారు.

గమనించవలసిన సంగతేమిటంటే, పిల్లిని నిమిరినంత మాత్రాన ఇది రావడం అరుదు. మట్టి చేతులు నోటికి తగలడం వల్ల, సరిగ్గా కడగని ఆకుకూరల వల్ల, సరిగ్గా ఉడకని మాంసం వల్ల వస్తుంది. కాబట్టి కడుపుతో వున్న అమ్మాయిల చేత మట్టి పని చేయించకండి. తప్పకపోతే రబ్బరు తొడుగులు వేసుకుని, తరవాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పచ్చివే వాడే కొత్తిమీర, పుదీనా ధారగా పోసిన నీళ్ళలో మూడు నాలుగుసార్లు కడగాలి. మడిలో పిల్లి మలం కనిపిస్తే చుట్టూ వున్న మట్టితో సహా పారతో ఎత్తి సంచీలో కట్టి చెత్తలో వెయ్యాలి. ఎరువుల గోతిలో వెయ్యకూడదు. ఆవు పేడ, పిల్లి మలం ఒకటి కావు. ఇక మూలకి తరిమి పట్టుకోబోయి పిల్లి చేత కరిపించుకున్నా, రక్కించుకున్నా, పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కుక్కకే కాదు, పిల్లికీ రేబిస్ వుంటుంది.

మళ్ళీ నా కథకి వస్తాను. మాటలు లేని ఆ రెండు నెలల్లో బుజ్జులు గడప దాటినట్టు లేదు. కిటికీ ఊచల్లోంచి చూస్తూ వుండేది. కాని నా మడిలో గోతులు మాత్రం ఆగలేదు! ఒక తెల్లవారుజామున అలికిడి విని టార్చి వేసి చూద్దును కదా, బలిసిన పసుప్పచ్చ గండుపిల్లి ఒకటి తాపీగా మట్టి కప్పెడుతోంది. దాన్ని మా వీధిలో ఎవరూ పెంచడం లేదు. నన్ను చూసి అది బెదరను కూడా లేదు. బెదిరింది నేనే. నేరం ఎవరిదో చూడకుండా శిక్ష వేసేశానే అని నిలబడిపోయాను. నేను పెట్టేస్తానన్న 'ఏదో ఒకటి' సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. జంతువుకి విషం పెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కిందా నేరమే. చట్టం దాకా ఎందుకు, పిల్లిని చంపిన పాపం బంగారు పిల్లిని చేయించి దానం చేస్తే గాని పోదని మా అమ్మమ్మ చెబుతూండేది. ఈనాటి బంగారం ధరలో!

ఆ పొద్దున్నే స్నానం చేసి, గోడ దగ్గరికి కాకుండా, వీధి గుమ్మంలోంచి పిన్నిగారింటికి వెళ్ళాను. "తప్పయింది పిన్నిగారూ, ఆ మాట నేను అనవలసింది కాదు" అన్నాను. ఆవిడ కుర్చీ జరిపారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నువ్వు నిజంగా పెట్టేస్తావని కాదమ్మా, పెట్టనని అనుకోడానికి ధైర్యం చాలలేదు" అన్నారు. అంతకంటే ఏం వినాలి?

కాఫీ తాగుతూ ఇద్దరం ఆలోచించాం. బుజ్జులు ఆడపిల్లి. ఐదారు నెలల వయసు నుంచే పిల్లులు ఎదకు వస్తాయి, రెండు నెలలకి ఈనుతాయి. ఎదకు వచ్చిన ఆడపిల్లి వున్న ఇంటి చుట్టూ గండుపిల్లులు తిరగడం, గోడలకి మూత్రం చిమ్మడం సహజం. ఆ పసుప్పచ్చది మా పెరటి దారిన వచ్చేది అందుకే. పిన్నిగారూ నేనూ కలిసి బుట్టలో పెట్టి బుజ్జులుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. ఆటోలో అది పెట్టిన గోల చెప్పనలవి కాదు. ఆ తరవాత నెల తిరగకుండానే గండుపిల్లి రాక బాగా తగ్గింది. పిన్నిగారు తమ పెరట్లో మునగచెట్టు కింద పాత చెక్కపెట్టెలో జానెడు లోతున ఇసక పోయించారు. పైన ఒక రేకు ముక్క కప్పు. మా మడిలో తీసిన మట్టే పిడికెడు ఆ ఇసకలో కలిపాం, వాసనకి. బుజ్జులు దానికి అలవాటు పడడానికి వారం పట్టింది. రోజూ పొద్దున్నే పిన్నిగారు చిన్న పారతో ఎత్తేస్తారు. ఇసక ఖర్చులో సగం నేను ఇస్తానంటే కోప్పడ్డారు.

బుజ్జులు అసలు మా పెరట్లోకి రావడమే మానేసిందని చెప్పను. అప్పుడప్పుడు వస్తుంది. నందివర్ధనం కింద పడుకుంటుంది. బియ్యం డబ్బా వెనక ఎలుకల అలికిడి వినిపించి చాలా కాలమైంది కాబట్టి నేనూ చూసీ చూడనట్టు వుంటాను.

మా అమ్మాయికి పరీక్షలో ఏ జబ్బూ లేదని తేలింది. పాప పుట్టింది. ఇప్పుడు గోడ పట్టుకుని బుజ్జులుని పిలుస్తూ వుంటుంది. మొన్న పిన్నిగారు గోడ మీదుగా తోడు చెంచా అందిస్తూ, "కొత్తిమీర ఏపుగా వచ్చినట్టుందే, ఒక కట్ట ఇవ్వమ్మా" అన్నారు. బుజ్జులు ఆవిడ పక్కనే గోడ మీద కూర్చుని వుంది. కోసి ఇచ్చాను. నాలుగుసార్లు కడిగి వాడండి పిన్నిగారూ అన్నాను.